నల్లగొండ పక్కన పానగల్లు: చెరువు, గుళ్లు, కొత్త కాలనీలు

గడియారం సెంటర్:

సభ్యులందరికీ నమస్కారం. నల్లగొండ గడియారం సెంటర్ నుంచి మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న పానగల్లు గురించి తెలిసినవారు వివరంగా రాయాలన్న కోరికతో ఈ చర్చ మొదలుపెడుతున్నాను. పట్టణంలో పుట్టి పెరిగిన నావంటివారికి పానగల్లు అంటే శివరాత్రి నాడు వెళ్లివచ్చే గుళ్లు, ఈమధ్య కాలంలో బైపాస్, అంతే. ఊరు పురపాలక సంఘంలో కలిసిన తరువాత దాన్ని అందరూ పట్టణ శివారు అనే పిలుస్తున్నారు. మా ఇంట్లో ఇప్పుడు అక్కడ ప్లాటు కొనే మాట నడుస్తోంది. గజం ధర, రోడ్డు వెడల్పు చెప్పేవారు చాలామంది ఉన్నారు గాని, ఆ నేల ఎటువంటిదో, అక్కడివారు ఎట్లా బతికారో, ఇప్పుడు ఎట్లా బతుకుతున్నారో చెప్పేవారు కనబడలేదు. పెద్దలు, అక్కడ నివసించేవారు తీరిక చేసుకొని రాస్తే మేలు చేసినవారవుతారు.

శాసన పాఠకుడు:

మంచి ప్రశ్న వేశారు. మొదట శివారు అన్న మాట గురించే చెప్పాలి. పట్టణం పెరుగుతూ పెరుగుతూ పొలాల మీద వేసిన పేట శివారు అవుతుంది. పానగల్లు సంగతి అది కాదు. నీలగిరి అన్న పేరుతో రెండు గుట్టల నడుమ ఉన్న మన నల్లగొండ ఇంకా పెద్దది కాకముందే పానగల్లు ఒక రాజధాని. కల్యాణి చాళుక్యులకు సామంతులుగా ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడులు 11, 12 శతాబ్దాలలో ఇక్కడి నుంచి పాలించారు. వారి వంశానికి పేరునిచ్చిన కందూరు, మరో రాజధాని అయిన వర్ధమానపురం, అంటే నేటి వడ్డెమాను, రెండూ పాలమూరు వైపు ఉన్నాయి. కృష్ణకు ఉత్తరాన ఇటు పాలమూరు, అటు నల్లగొండ కలిసి ఒకే రాజ్యంగా ఉన్న కాలానికి పానగల్లు తూర్పు పీఠం అని చెప్పుకోవచ్చు.

ఆ వంశంలోని ఉదయాదిత్య చోడుని పేరు మీదనే ఊరి పక్కనున్న పెద్ద చెరువుకు ఉదయసముద్రం అని పేరు వచ్చింది. రాజు తన పేరు చెరువుకు పెట్టి, చివర సముద్రం అని చేర్చడం ఆ కాలపు ఆనవాయితీ. ఓరుగల్లులో కాకతీయులు బలపడిన కొద్దీ కందూరు చోడులతో ఘర్షణ తప్పలేదు. రుద్రదేవుడు వారిపై సాగించిన దండయాత్రలను హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి శాసనం వర్ణిస్తుంది. ఆ తరువాత పానగల్లు కాకతీయ రాజ్యంలో భాగమైంది గాని, ప్రాముఖ్యం మాత్రం పోగొట్టుకోలేదు. 1267లో యాదవ వంశీయుడైన సారంగపాణిదేవుడు, కాకతీయ మనుమ రుద్రదేవుని, అంటే రుద్రమదేవిని, ఏలికగా అంగీకరిస్తూ ఇక్కడి ఛాయా సోమనాథ దేవునికి దానం చేసి శాసనం వేయించాడు. రుద్రమదేవి మరణాన్ని తెలిపే 1289 నాటి చందుపట్ల శాసనం కూడా ఇక్కడికి ఎంతో దూరం కాని నకిరేకల్ ప్రాంతంలోనే దొరికింది. కాబట్టి ఈ ఊళ్లో ప్లాటు కొనేవారు ఏ నేల మీద ఇల్లు కడుతున్నారో తెలుసుకోవాలనుకోవడం ఎంతో సబబు.

పానగల్లు వాస్తవ్యులు:

శాసన పాఠకుడు గారు రాజుల చరిత్ర చెప్పారు. మా కుటుంబం తరాల తరబడి ఆ చెరువు కింద వరి పండించింది గనుక నేను చెరువు సంగతి చెబుతాను.

మా ఊరికి ఉదయసముద్రం కట్టే సరిహద్దు గోడ, రచ్చబండ, బాట, అన్నీను. పాత ఊరు కట్ట దిగువన ఉంటుంది. కట్ట కింద నుంచి తూము ద్వారా వచ్చే నీరు పిల్లకాలువల్లోకి, అక్కడి నుంచి మడులలోకి వెళ్లేది. ఎవరి మడికి ఎప్పుడు నీరు వదలాలో చూడటానికి నీరటి ఉండేవాడు. అతని మాట మీద రైతులకు ఎంత గురి ఉండేదంటే, పైవాడు తడి పెట్టుకున్న తరువాతే కిందివాడు పార పట్టుకొని గట్టెక్కేవాడు. నీరటికి జీతం లేదు, పంట మీద మేర, అంటే ధాన్యంలో వాటా, ఇచ్చేవారు. వానలు బాగా పడి చెరువు మత్తడి దుంకిందంటే, అంటే నిండి అలుగు పారిందంటే, ఆ ఏడు రెండు పంటలకూ భరోసా. దుంకకపోతే యాసంగి మీద ఆశ వదులుకొని, మగవాళ్లు పట్టణంలో కూలికి వెళ్లేవారు. నల్లగొండకు కూరగాయలు, పాలు, గడ్డి మోపులు మా వైపు నుంచే వెళ్లేవి. అట్లా పట్టణం మా మీద, మేము పట్టణం మీద ఆధారపడి ఉన్నాము. అయినా పొద్దుగూకేసరికి ఎవరి ఊరికి వారు చేరుకునేవారము.

ఛాయా సోమేశ్వరాలయం ఊరికి ఎడంగా వరి పొలాల మధ్యన ఉంటుంది. మా చిన్నతనంలో అక్కడికి దారి అంటే పొలం గట్లే. నాట్లు వేసిన రోజుల్లో గుడి చుట్టూ నీరే కనబడేది. చెరువు నిండితే గుడి కోనేట్లో కూడా నీరు పైకి రావడం ఊళ్లో అందరూ చూసేదే. కాబట్టి చెరువును, పొలాన్ని, గుడిని మేము వేరువేరుగా ఎన్నడూ అనుకోలేదు. ఆ మూడింటినీ కలిపి చూస్తేనే పానగల్లు అర్థమవుతుందని నా అభిప్రాయం. ఈనాడు మా ఊరికి జరుగుతున్న నష్టమంతా ఆ మూడింటినీ విడదీయడం వల్లనే జరుగుతోంది.

చరిత్ర విద్యార్థిని:

ఒక సందేహం. బహమనీ సుల్తాను ఫిరోజ్ షా 15వ శతాబ్దంలో పానగల్లు కోటను ముట్టడించి, విజయనగర రాజు మొదటి దేవరాయల సైన్యం చేతిలో ఓడిపోయాడని చదివాను. ఆ కోట ఇక్కడిదేనా? అలాగే మద్రాసులో పానగల్ పార్కుకు పేరునిచ్చిన పానగల్లు రాజా ఈ ఊరివారేనా?

శాసన పాఠకుడు:

రెండవది తేలిక. పానగల్లు రాజాగా ప్రసిద్ధులై 1921 నుంచి 1926 వరకు మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రిగా ఉన్న పానగంటి రామరాయణింగారు శ్రీకాళహస్తి ప్రాంతపు జమీందారీ కుటుంబానికి చెందినవారు. మన ఊరితో ఆయనకు సంబంధం లేదు.

మొదటిది మాత్రం చరిత్రకారుల మధ్య చర్చ జరిగిన విషయమే. ఆ యుద్ధాన్ని నల్లగొండ పానగల్లుకు ముడిపెట్టి రాసినవారు ఉన్నారు. ఇప్పటి వనపర్తి జిల్లాలో, పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో, ఇదే పేరుతో మరో పానగల్ ఉంది. అక్కడ గుట్ట మీద బలమైన రాతి కోట ఈనాటికీ నిలిచి ఉంది. అది కృష్ణకు దగ్గర, కృష్ణా తుంగభద్రల నడిమి రాయచూరు అంతర్వేదికి ఎదురుగా ఉన్న చోటు. సుల్తాను సైన్యం సుదీర్ఘకాలం విడిసి ముట్టడించిందని చెప్పే కోటకు ఆ గుట్టే సరిపోతుందని నేను భావిస్తున్నాను. మన పానగల్లు చెరువు కింది మైదానపు రాజధాని. ఇక్కడ చూడవలసినవి గుళ్లు, శాసనాలు, కట్ట. లేని కోటను వెతుక్కోవలసిన అవసరం దీనికి లేదు.

లెక్కల మాస్టారు:

గుడి ప్రస్తావన వచ్చింది గనుక ఛాయ గురించి రాస్తాను. పిల్లలను తీసుకువెళ్లిన ప్రతిసారీ వారు అడిగే మొదటి ప్రశ్న అదే.

ఛాయా సోమేశ్వరాలయం త్రికూటం. అంటే నడుమ ఒకే మండపం ఉండి, దానికి మూడు వైపుల మూడు గర్భగుళ్లు తెరుచుకొని ఉంటాయి. వాటిలో ఒక గర్భగుడిలో, శివలింగం వెనుక గోడ మీద, నిలువుగా ఒక స్తంభం నీడ కనబడుతుంది. పొద్దున వెళ్లినా, మధ్యాహ్నం వెళ్లినా, సాయంత్రం వెళ్లినా ఆ నీడ అక్కడే ఉంటుంది. ఎండలో నిలబెట్టిన కర్ర నీడ పొద్దుతో పాటు జరుగుతుందని తెలిసిన పిల్లవానికి ఇది నమ్మశక్యం కాని సంగతి. వాడు బయటకు పరుగెత్తి సూర్యుడు ఎటువైపు ఉన్నాడో చూసి, మళ్లీ లోపలికి వచ్చి గోడను చూస్తాడు.

కిటుకు అంతా వెలుతురు ఎట్లా వస్తుందన్న దానిలో ఉంది. గర్భగుడిలోకి ఎండ నేరుగా పడదు. బయటి నేల మీద, రాళ్ల మీద పడి చెదిరిన వెలుతురు మండపపు ఖాళీల గుండా, స్తంభాల సందుల నుంచి లోపలికి చేరుతుంది. గర్భగుడి ముందున్న స్తంభాలు ఆ వెలుతురును కొంత మేర అడ్డగిస్తాయి. అడ్డు పడినచోట గోడ మీద వెలుగు తగ్గి నీడగా కనబడుతుంది. వెలుతురు వచ్చే దారి సూర్యుని చోటును బట్టి కాక, స్తంభాలు, ద్వారాలు ఉన్న చోటును బట్టి నిర్ణయమవుతుంది గనుక నీడ కదలదు. అద్దాలూ యంత్రాలూ లేని కాలంలో, రాయిని తప్ప దేనినీ వాడకుండా, ఏ స్తంభం ఎక్కడ నిలపాలో అంత కచ్చితంగా లెక్క కట్టిన స్థపతి ఎవరో గాని, మా పాఠశాలల్లో కాంతి పాఠం చెప్పేటప్పుడు మొదట తలచుకోవలసిన వ్యక్తి ఆయన. 1267 శాసనంలోనే దేవుని పేరు ఛాయా సోమనాథుడని ఉండటాన్ని బట్టి, ఆ నీడను చూసి ఆనాటివారు కూడా మనలాగే ఆశ్చర్యపోయారని తెలుస్తోంది.

ఊళ్లోనే ఉన్న పచ్చల సోమేశ్వరాలయాన్ని కూడా వదలవద్దు. సుమారు 70 స్తంభాలున్న ఆ గుడిలో రామాయణ, భారత ఘట్టాలు చిన్న చిన్న బొమ్మలుగా చెక్కి ఉన్నాయి. చాలామంది తలెత్తి కప్పు చూసి వచ్చేస్తారు. మోకాళ్ల మీద కూర్చొని కింది వరుసలు చూడాలి. అక్కడ ఏనుగులు, యోధులు, నాట్యకత్తెలు అడుగు ఎత్తైనా లేకుండా, నగల ముడులతో సహా కనబడతారు. పక్కనే పురావస్తు ప్రదర్శనశాల ఉంది. జిల్లా నలుమూలల నుంచి తెచ్చిన శిల్పాలు, శాసన శిలలు అందులో ఉన్నాయి.

కృష్ణా నీళ్లు:

ఉదయసముద్రం గురించి వాస్తవ్యులు చెప్పినది వాననీటి చెరువుగా ఉన్న కాలం సంగతి. దాని రెండవ జీవితం గురించి నేను రాస్తాను. నల్లగొండ పట్టణం ఈనాడు తాగుతున్న నీటికి ఈ చెరువుతో నేరుగా సంబంధం ఉంది.

మన జిల్లా భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఇక్కడి గ్రానైటు శిలల నుంచి అది నీటిలోకి దిగుతుంది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండరాదని ప్రమాణం. బోరు ఎంత లోతుకు వెళితే అంత ప్రమాదం అన్నట్టు ఉండేది పరిస్థితి. పసుపు పచ్చని గారపళ్లు, వంగని మోకాళ్లు, ముప్పై ఏళ్లకే కర్ర పట్టుకున్న మనుషులు మునుగోడు, మర్రిగూడ వైపు ప్రతి వాడలో కనబడేవారు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతిని రూపొందించి, దానికి నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టింది. ప్రపంచమంతటా శాస్త్ర గ్రంథాల్లో మన ఊరి పేరు ఆ విధంగా నిలిచింది. ఊరి పేరు ఒక రోగం పక్కన నిలవడం మాకు ఎంత బాధ కలిగించిందో బయటివారికి చెప్పడం కష్టం. బిందెలో పటిక కలిపి, తేరుకున్న నీటిని వంచుకొని తాగడం కంటే ఫ్లోరైడ్ లేని నది నీరు తేవడమే అసలైన పరిష్కారమని జిల్లా ప్రజలు ఏళ్ల తరబడి ఉద్యమించారు.

ఆ నీరు వచ్చిన దారి ఇది. నాగార్జునసాగర్ జలాశయం నుంచి పుట్టంగండి వద్ద కృష్ణా నీటిని ఎత్తి అక్కంపల్లి జలాశయంలో పోస్తారు. అక్కడి నుంచి ఒక పాయ హైదరాబాదు తాగునీటికి వెళుతుంది, కాలువ మాత్రం మన జిల్లా పొలాల గుండా సాగి ఉదయసముద్రానికి చేరుతుంది. 2000 మార్చిలో హత్యకు గురైన మంత్రి అలిమినేటి మాధవరెడ్డి పేరును ఈ ప్రాజెక్టుకు పెట్టారు. చోడరాజు కట్టించిన చెరువు ఈ విధంగా సుమారు 1.5 టీఎంసీల నిలువ సామర్థ్యం ఉన్న జలాశయంగా మారింది. పట్టణానికీ, ఫ్లోరైడ్ పీడిత గ్రామాలకూ దీని నుంచి తాగునీరు వెళుతోంది. ఇదే జలాశయం నుంచి నీటిని ఎత్తి బ్రాహ్మణవెల్లెంలకు పంపే పథకాన్ని 2024 డిసెంబరులో ప్రారంభించారు.

ఎత్తిపోతల మీద ఆధారపడకుండా శ్రీశైలం నుంచి నీరు దానంతట అదే పారి రావడానికి సుమారు 44 కిలోమీటర్ల సొరంగం తవ్వే పని 2005 ప్రాంతంలో మొదలై ఇంకా పూర్తి కాలేదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు సొరంగం పైకప్పు కూలి 8 మంది లోపల చిక్కుకుపోయారు. వారంతా ఇతర రాష్ట్రాల నుంచి వచ్చి మన నీటి కోసం పనిచేసినవారు. నల్లా తిప్పి బిందె నింపుకునే ప్రతి ఇంట్లోనూ ఆ సంగతి గుర్తుండాలి.

కొత్త కాలనీ ఇల్లాలు:

నేను పానగల్లు వైపు వేసిన ఒక వెంచరులో ఇల్లు కట్టుకొని వచ్చినదాన్ని. పాతవారు పొలాలు పోయాయని బాధపడటం న్యాయమే. పట్టణం నడిబొడ్డున రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటూ, పిల్లలు పెరిగేకొద్దీ చోటు చాలక, చేతిలో ఉన్న డబ్బుకు దొరికిన జాగా కొనుక్కున్న మాలాంటివారి బాధ కూడా అర్థం చేసుకోవాలని నా మనవి. మేము ఉపాధ్యాయులము, బస్సు డ్రైవర్లము, ఆస్పత్రి సిబ్బందిమి. ఎవరి పొలమూ ఆక్రమించలేదు, డబ్బు చెల్లించి రిజిస్ట్రేషన్ చేయించుకున్నాము.

ఇక్కడి బతుకు గురించి చెబుతాను. సాయంత్రం కట్ట మీద నడవడానికి వెళ్లేవారిలో సగం మంది కాలనీలవారు, సగం మంది పాత ఊరివారు. మొదట్లో ఎవరి గుంపు వారిదే. బతుకమ్మ పండుగ వచ్చినప్పుడు పాత ఊరి ఆడవాళ్లు మమ్మల్ని పిలిచారు. తంగేడు పువ్వు ఎక్కడ దొరుకుతుందో, బతుకమ్మలను నీటిలో ఏ వైపు వదలాలో వారే చూపించారు. అప్పటి నుంచి పాల ఖాతా మొదలు పెళ్లి పిలుపుల దాకా రాకపోకలు ఏర్పడ్డాయి. పట్టణంలో పక్క వాటాలో ఎవరుండేవారో కూడా మాకు తెలియదు, ఇక్కడ వదినా అని పిలిచేవారు వీధికి ఇద్దరున్నారు. ఇబ్బందులు కూడా ఉన్నాయి. పెద్ద వాన పడితే మా వీధి చివర నీరు నిలిచి, రెండు మూడు రోజుల దాకా పోదు. ఎందుకని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతున్నారు.

పానగల్లు వాస్తవ్యులు:

అమ్మా, మీ మాటతో నాకు పేచీ లేదు. అమ్మినవాళ్లమూ మేమే. ఆడపిల్ల పెళ్లికనో, చదువుకనో, అప్పుకనో అమ్మాము. కొన్నవారిని తప్పుపట్టడం ధర్మం కాదు.

మీ వీధిలో నీరు నిలవడానికి కారణం మాత్రం నేను చెప్పగలను. మీరు చెప్పిన గుర్తులను బట్టి చూస్తే, చెరువు తూము నుంచి వచ్చే పిల్లకాలువ ఒకటి ఆ పక్కగానే పారేది. వెంచరు వేసినప్పుడు దాన్ని పూడ్చి చదును చేశారు. కాలువను పూడ్చవచ్చు గాని, వాలును మార్చలేరు. చెరువు కింది నేల కనుక వాననీరు వందల ఏళ్లుగా అలవాటైన పల్లానికే చేరుతుంది. ఇప్పుడక్కడ మడి లేదు గనుక మీ గేటు ముందు ఆగుతోంది. కాలువ దారిని రోడ్డు పక్కన మోరీగానైనా మళ్లీ తెరిపిస్తే నీరు పోతుంది. మీ కాలనీవారు, మేము కలిసి వార్డు ప్రతినిధికి అర్జీ పెడదాము. పాత కాలువ ఎక్కడి నుంచి ఎక్కడికి పోయేదో చూపించడానికి నీరటి కుటుంబంలోని పెద్దాయన వస్తానన్నాడు.

నాకున్న భయం వేరే ఉంది. ఛాయా సోమేశ్వరాలయం చుట్టూ ఇంకా కొంత మేర వరి మిగిలి ఉంది. అక్కడ కూడా ప్లాట్ల రాళ్లు పాతే రోజు వస్తే, గోడ మీద నీడ ఉంటుంది గాని కోనేట్లో నీరు ఉంటుందా? గుడికి వచ్చే వెలుతురు కూడా చుట్టూ ఉన్న ఖాళీ నుంచే వస్తున్నదని మాస్టారు ఇప్పుడే రాశారు. గుడిని రక్షించడమంటే ప్రాకారం లోపలి రాళ్లను రక్షించడమని మాత్రమే అధికారులు అనుకుంటే సరిపోదు. చుట్టూ ఉన్న పొలం కూడా ఆ కట్టడంలో భాగమే.

లెక్కల మాస్టారు:

వాస్తవ్యుల మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఎదురుగా ఎత్తైన గోడ లేచినా, దానికి ముదురు రంగు వేసినా, చెదిరి లోపలికి వచ్చే వెలుతురు మారుతుంది. నీడ ఎంత పలచబడుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. ప్రయోగం చేసి చూడదగిన విషయం కాదిది.

గడియారం సెంటర్:

ఇన్ని సంగతులు తెలిపినందుకు అందరికీ కృతజ్ఞతలు. మా ఇంట్లో అందరూ కూర్చొని ఈ చర్చ మొత్తం చదివాము. పానగల్లులోనే ఉండాలన్న కోరిక మరింత బలపడింది గాని, చెరువుకో, గుడికో, కాలువకో చెందవలసిన నేల మీద మాత్రం ఇల్లు కట్టదలచుకోలేదు. మాకు చూపించిన ప్లాటు అటువంటిది అవునో కాదో ఎట్లా తెలుసుకోవాలి?

పాత పహాణీ:

రెవెన్యూ శాఖలో పనిచేసి విరమణ పొందినవాణ్ని కనుక దీనికి నేను జవాబు చెబుతాను. అమ్మేవారు ఇచ్చే రంగుల బ్రోచరును పక్కన పెట్టండి. మొదట సర్వే నంబరు తీసుకొని గ్రామ నక్షా, అంటే గ్రామ పటం, సంపాదించండి. పాత కాలువలు, బాటలు, కుంటలు నక్షాలో గీసి ఉంటాయి, ప్లాటు వాటి మీద పడుతున్నదేమో తెలుస్తుంది. తరువాత 1954-55 నాటి పాత భూమి రికార్డు అయిన ఖాస్రా పహాణీ నకలు తీయించండి. భూమి తరియా (నీటి సాగు), ఖుష్కియా (మెట్ట), శిఖమా (చెరువు గర్భం), ఇనామా (దానంగా ఇచ్చినది) అన్నది అందులో చూడాలి. శిఖం అని ఉంటే ఇక ముందుకు వెళ్లవద్దు. దేవుని మాన్యం అయితే రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉండవచ్చు, దాన్ని కూడా సరిచూసుకోండి. ఈసీలో (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) ఏమీ లేదని ధీమా పడవద్దు, అది రిజిస్టరైన లావాదేవీలనే చూపుతుంది గాని భూమి స్వభావాన్ని చెప్పదు.

చెరువుకు దగ్గరగా ఉంటే నీటిపారుదల శాఖ వద్ద పూర్తి నీటిమట్టపు హద్దు పటం ఉంటుంది. పది హెక్టార్లకు మించిన చెరువులకు ఆ హద్దు నుంచి 30 మీటర్ల వరకు కట్టడాలు ఉండరాదు. వెంచరుకు లేఅవుట్ అనుమతి ఉందంటే ఆ పత్రం మీది నంబరును పురపాలక కార్యాలయంలో సరిపోల్చుకోండి. ఇవన్నీ అయ్యాక, మంచి వాన పడిన మర్నాడు వెళ్లి ఆ ప్లాటులో నిలబడండి. పక్క పొలంలో పనిచేసే రైతును పిలిచి, నీరు ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో అడగండి. నక్షాలో కనబడనివి కూడా ఆయన చెబుతాడు. సర్వే నంబరు ఇక్కడ బహిరంగంగా రాయవద్దు. నక్షా చేతికి వచ్చాక అందులోని గుర్తులు అర్థం కాకపోతే అడగండి, ఒక్కొక్క గీతకు అర్థం చెబుతాను.